బరంపురంలో అమ్మే వేసవి పెరటి కిట్టు: సంచులు తీసుకోండి, గింజలు వదిలేయండి

సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఒడిశాలోని బరంపురం విత్తనాల కొట్లలో ‘వేసవి పెరటి కిట్టు’ పేరుతో అట్టపెట్టెలు కనిపిస్తాయి. ఇవి ఒకే కంపెనీ సరుకు కావు. సంచులు ఒకచోట, గింజలు ఒకచోట, పైపులు ఇంకోచోట తెచ్చి కొట్టువాళ్లే పెట్టె కట్టి అమ్ముతారు. ఈ సమీక్ష అలాంటి ఒక కొట్టు కట్టిన పెట్టె గురించి. ధర మూడు వేలకు కాస్త తక్కువ. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లకు బస్సు పార్శిల్లో పంపుతారు.

పెట్టెలో మొక్కలు పెంచే సంచులు (గ్రో బ్యాగులు) 12×12 అంగుళాలవి ఎనిమిది, 15×15వి నాలుగు ఉంటాయి. ఐదేసి కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మలు రెండు, వర్మీ కంపోస్టు 20 కిలోలు, వేపపిండి 2 కిలోలు, చుక్కచుక్కగా నీళ్లు వదిలే పన్నెండు డ్రిప్పర్ల చిన్న డ్రిప్ సెట్టు, 3×5 మీటర్ల పచ్చ షేడ్ నెట్టు, పండు ఈగకు ఒక ట్రాపు, పది రకాల గింజల పొట్లాలు, చేతి బొరిగ, లీటరు స్ప్రే సీసా మిగతావి.

తేల్చి చెప్పాలంటే సంచులు, వేపపిండి, నెట్టు పెట్టిన డబ్బుకు తగినవి. కోకోపీట్ కడిగి వాడితే బాగుంటుంది. డ్రిప్ సెట్టు లెక్క తెలిసినవాళ్లకు అక్కరకొస్తుంది, తెలియనివాళ్ల మొక్కల్ని మే నెలలో ఎండగడుతుంది. గింజలు, ఈగల ఎర మాత్రం ఈ పెట్టెలో ఉండాల్సినవి కావు. అడిగితే కొట్టువాళ్లు అన్నీ విడివిడిగా కూడా ఇస్తారు కాబట్టి పెట్టె మొత్తం కొనాల్సిన పనిలేదు.

సంచుల దగ్గర మొదలుపెడదాం. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ అల్లిక, బయట ఆకుపచ్చ, లోపల నలుపు. అడుగు కుట్టు రెండు వరసలు వేశారు, పిడులు సంచి లోపలి దాకా దిగి కుట్టి ఉన్నాయి. కొనేటప్పుడు చూడాల్సింది ఈ కుట్టునే. తడిసిన మట్టితో నిండిన 15 అంగుళాల సంచి యాభై కిలోలకు దగ్గరగా తూగుతుంది. ఒంటి కుట్టు సంచిని ఒకసారి పక్కకు జరిపితే చాలు, అడుగు విచ్చుకుంటుంది. 12 అంగుళాల సంచిలో సుమారు 22 లీటర్లు, 15 అంగుళాల దానిలో సుమారు 43 లీటర్లు పడుతుంది. వేసవికి ఇది సరైన ఎంపిక. కొన్ని కిట్లలో ఇచ్చే 9 అంగుళాల సంచిలో తొమ్మిది లీటర్ల మట్టే పడుతుంది. మే నెల ఎండకు ఆ కాస్త మట్టీ మధ్యాహ్నానికే ఎండి వేడెక్కుతుంది, పొద్దున పోసిన నీళ్లు సాయంత్రం దాకా నిలవవు.

నీళ్లు పోయే కన్నాలు అడుగున కాకుండా పక్కన, అడుగుకు రెండు అంగుళాల పైన పెట్టారు. ఎండాకాలంలో ఇది మేలే, కింద కొంచెం నీరు నిలిచి వేరుకు అందుతుంది. జూన్ రెండో వారంలో వానలు పట్టాక మాత్రం అదే నీరు వేరు కుళ్లబెడుతుంది. అప్పుడు కాల్చిన మేకుతో అడుగున నాలుగు కన్నాలు పొడవాలి. సంచిని డాబా గచ్చు మీద నేరుగా పెట్టకూడదు. గచ్చు వేడి అడుగు నుంచి వేరుకు తగులుతుంది, నీళ్లూ బయటికి కదలవు. ఒక్కో సంచి కింద రెండేసి ఇటుకలు చాలు. సంచుల్ని విడివిడిగా కాకుండా ఆనించి పెడితే ఒకదాని నీడ ఇంకోదానికి పడుతుంది. పడమటి వైపు వరసకు తడిపిన గోనెసంచి చుట్టాలి. మధ్యాహ్నం మూడు గంటల ఎండ సంచి పక్క మీద పడి, ఆ వైపు వేళ్లు చచ్చిపోతాయి. మొక్క మాత్రం ‘నీళ్లు చాలట్లేదు’ అన్నట్టు వాడుతుంది. ఇంట్లోవాళ్లు ఇంకా నీళ్లు పోస్తారు, అంతటితో అది పోతుంది.

మట్టి కలపడానికి పెట్టెలో ఇచ్చిన సరుకు సరిపోదు, ఇది ముందే తెలిసి ఉండాలి. పన్నెండు సంచుల్నీ అంచుకు రెండు అంగుళాలు తగ్గించి నింపినా 300 లీటర్ల దాకా కావాలి. రెండు కోకోపీట్ దిమ్మలు నానితే 140 లీటర్లు అవుతాయి. 20 కిలోల వర్మీ కంపోస్టు 35 లీటర్లకు మించదు. మిగతాదంతా మట్టే వేస్తే ఎరువు పాలు పదో వంతుకు కాస్త ఎక్కువ అవుతుందంతే, వేసవి కాయగూరలకు అది చాలదు. నాలుగో వంతు ఎరువు ఉండాలి. కాబట్టి ఇంకో 20 కిలోల వర్మీ కంపోస్టు గానీ, బాగా చివికిన పశువుల ఎరువు రెండు గంపలు గానీ కలుపుకోవాలి. పెంట పచ్చిగా ఉంటే వేరు మాడుతుంది. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకుండా మట్టి వాసన రావాలి. కొట్టులో ఇచ్చిన వర్మీ కంపోస్టు శుభ్రంగానే ఉంది, ఇసుక కలపలేదు. గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేసి కలిపి చూడండి. ఇసుక కలిసి ఉంటే క్షణాల్లో అడుగుకు చేరి చెంచాకు గరగరా తగులుతుంది.

వేపపిండి చిన్న సంచికి 100 గ్రాములు, పెద్ద సంచికి 200 గ్రాముల చొప్పున 1.6 కిలోలు పడుతుంది. మిగిలిన 400 గ్రాములు తరవాత పైఎరువుకు వస్తుంది. ఈ ఒక్క సరుకూ లెక్కగా ఇచ్చారు. అయితే దాన్ని కలిపిన రోజే గింజ పెట్టకూడదు. తడి తగిలాక పిండి పులిసి వేడి పుడుతుంది, పైన తెల్లటి బూజు కడుతుంది. బూజుతో ప్రమాదం లేదు గానీ ఆ వేడికి మొలక దెబ్బతింటుంది. కలిపి, తడిపి, పది పదిహేను రోజులు మాగనివ్వాలి.

కోకోపీట్ విషయంలో పెట్టెలో పెట్టిన కాగితం ‘నీళ్లలో నానబెట్టి వాడండి’ అని ఒక్క ముక్క రాసి వదిలేసింది. అది సగం మాటే. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, ముఖ్యంగా సోడియం, పొటాషియం. గోపాల్‌పూర్ వైపు బోరు నీళ్లు ఇప్పటికే ఉప్పగా ఉన్న ఇళ్లలో ఈ రెండూ కలిస్తే లేత మొక్క ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగుకు తిరుగుతాయి. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు. చేయాల్సింది ఇది: దిమ్మను పెద్ద టబ్బులో పెట్టి 25 నుంచి 30 లీటర్ల నీళ్లు పోయాలి. రెండు మూడు గంటల్లో పొంగి విడిపోతుంది. మొదటి నీరు చిక్కటి టీ రంగులో దిగుతుంది, అది పారబోయాలి. ఎరువుల కొట్లో దొరికే కాల్షియం నైట్రేట్ 100 గ్రాములు నీళ్లలో కరిగించి దిమ్మంతటికీ పట్టించి రాత్రంతా ఉంచితే, పొట్టుకు అంటుకున్న సోడియం వదులుతుంది. పొద్దున ఇంకో రెండుసార్లు కడిగి పిండాలి. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు ఉన్నవాళ్లు చివర పిండిన నీళ్లను కొలిచి చూడొచ్చు. కుళాయి నీళ్ల కంటే 300, 400 పీపీఎం మించకపోతే సరిపోయినట్టే. కడిగిన నీళ్లను ఇంకో మొక్కకు పోయకండి.

కోకోపీట్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. పైన అంగుళం మందం పొడిబారి కనిపిస్తుంది, లోపల మాత్రం తడి నిలిచి ఉంటుంది. పైరంగు చూసి నీళ్లు పోసేవాళ్ల మొక్కలు ఎండవు, కుళ్లుతాయి. వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూసి, తడి తగలకపోతేనే పోయాలి. పైన ఎండుగడ్డో, ఉద్దానం నుంచి వచ్చే కొబ్బరి పీచో రెండు అంగుళాల మందం పరిస్తే ఈ అనుమానమే ఉండదు.

డ్రిప్ సెట్టు దగ్గర కాస్త ఆగాలి. డ్రిప్పర్ మీద ‘గంటకు 4 లీటర్లు’ అని ఉంటుంది. ఆ మాట అబద్ధం కాదు, కానీ అది 1 బార్ ఒత్తిడి దగ్గర, అంటే నీళ్ల ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు. డాబా మీద మీటరు ఎత్తు దిమ్మె మీద డ్రమ్ము పెట్టి కలిపితే ఆ డ్రిప్పర్ గంటకు సుమారు ఒకటింపావు లీటరే ఇస్తుంది. రెండు మీటర్ల ఎత్తున పెడితే 1.8 లీటర్లు. ఎత్తు రెట్టింపయితే ధార రెట్టింపవదు, దాని వర్గమూలం లెక్కనే పెరుగుతుంది. ఈ సంగతి తెలియక ‘గంటకు 4 లీటర్లు కదా, అరగంట వదిలితే చాలు’ అనుకున్న ఇంట్లో మొక్కకు ముప్పావు లీటరు కూడా అందదు.

మే నెలలో 12 అంగుళాల సంచికి రోజుకు రెండున్నర లీటర్లు, పాదు ఉన్న 15 అంగుళాల సంచికి ఐదు లీటర్ల దాకా కావాలి. మీటరు ఎత్తు డ్రమ్ముతో రెండు గంటలు వదిలితే ఒక డ్రిప్పర్ రెండున్నర లీటర్లు ఇస్తుంది. చిన్న సంచికి ఒకటి సరిపోయింది. పెద్ద సంచికి రెండు కావాలి. అంటే మొత్తం పదహారు డ్రిప్పర్లు. పెట్టెలో ఉన్నవి పన్నెండు. ఇంకో నాలుగు డ్రిప్పర్లు, నాలుగు సన్న గొట్టాలు విడిగా అడిగి తీసుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు. మొత్తానికి రోజుకు 40 లీటర్ల నీళ్లు, 200 లీటర్ల డ్రమ్ము ఐదు రోజులకు నింపుకోవాలి. కొట్టులో కొత్తగా వచ్చిన కుర్రాడు ‘ఇంకా మంచివి’ అని ఒత్తిడి సరిచేసుకునే ఖరీదైన డ్రిప్పర్లు చూపిస్తే వద్దనండి. వాటికి పంపు ఒత్తిడి ఉండాలి, డ్రమ్ము మీద అవి సరిగ్గా పనిచేయవు.

ఫిల్టరు ఇచ్చారు, అది మెచ్చుకోదగ్గది. వారానికోసారి విప్పి పాత టూత్‌బ్రష్షుతో కడగాలి, డ్రిప్పర్లు బిగించే లేటరల్ పైపు చివర మూత తీసి ఒక నిమిషం నీళ్లు వదలాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువున్నచోట డ్రిప్పర్ నోటి దగ్గర తెల్లటి పొర కడుతుంది. విప్పి రాత్రంతా నిమ్మఉప్పు నీళ్లలో వేస్తే వదులుతుంది. ఇంకో మాట. నల్లటి లేటరల్ పైపు ఎండలో ఉంటే అందులో నిలిచిన నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాగుతాయి. పదకొండు తరవాత కుళాయి తిప్పితే మొదట దిగేది ఆ నీరే. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు దాకా వదలడం అన్నిటికంటే మంచిది.

నెట్టు యాభై శాతం నీడది, అల్లిక గట్టిది. బెండకు, బీరకు, ఆనపకు దాని అవసరం లేదు, ఎండే వాటికి బలం. తోటకూరకు, వంగ నారుకు, మిరపకు ఏప్రిల్ నుంచి కావాలి. మొక్కకు తగిలేలా కట్టకుండా కనీసం మూడడుగుల ఎత్తు వదలాలి, లేకపోతే కింద వేడిగాలి నిలుస్తుంది. మన వైపు ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే కాలబైశాఖి గాలి నెట్టును తెరచాపలా లాగుతుంది. నాలుగు మూలలూ బిగించి కడితే నెట్టుతోపాటు కర్రలూ లేచిపోతాయి. రెండు మూలలు గట్టిగా, రెండు మూలలు లాగితే ఊడే ముడితో కట్టాలి.

ఇక గింజలు. పది పొట్లాలూ చూస్తే బెండ, బీర, ఆనప, కాకర, దోస, వంగ, టమాటా, కొత్తిమీర, క్యారెట్, తోటకూర. వేసవి అని పేరు పెట్టి క్యారెట్ ఇవ్వడం ఎందుకో అర్థం కాదు, అది చలికాలపు పంట. కొత్తిమీర ఏప్రిల్ వేడికి రెండాకులు వేసి పూతకొస్తుంది. టమాటా ఫిబ్రవరిలో గింజ వేస్తే చెట్టు బాగానే ఎదుగుతుంది, పూస్తుంది కూడా. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 25 కంటే దిగని రోజుల్లో మాత్రం పుప్పొడి పనిచేయదు, పూతంతా రాలుతుంది. మందు కొట్టినా, ఎరువు వేసినా అది ఆగదు. టమాటా కావాలంటే ఆగస్టు, సెప్టెంబరులో నారు పోసుకోవాలి.

ఉండాల్సినవే లేవు. ఈ ఎండకు తట్టుకునే బొబ్బర్లు లేవు, గోరుచిక్కుడు లేదు, బచ్చలి లేదు. ఏప్రిల్‌లో వేసినా నెలన్నర, రెండు నెలల్లో కాపునిచ్చేవి బొబ్బర్లు, గోరుచిక్కుడే.

బెండ పొట్లం మీద రకం పేరు పూసా సావని. ఒకప్పుడు దేశమంతా వేసిన రకం, శంఖురోగాన్ని తట్టుకుంటుందనే పేరుతోనే వచ్చింది. ఆ శక్తి పోయి చాలా కాలమైంది. తెల్లదోమ మోసే ఈ వైరస్ సోకితే ఆకు ఈనెలు పసుపు పచ్చగా వలలా కనిపిస్తాయి, కాయలు పాలిపోయి గట్టిపడతాయి. వేసవిలో తెల్లదోమ ఎక్కువ కాబట్టి ఇప్పుడు ఈ రకం వేయడం తెలిసి నష్టపోవడమే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వాళ్ల అర్క అనామిక గానీ, అర్క అభయ్ గానీ అడగండి. ఇవి కూడా పూర్తిగా తప్పించుకోవు, కానీ రోగం ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. రోగం వచ్చిన మొక్కను కనిపించిన రోజే పీకి పారేయాలి.

వంగ పొట్లం మీదైతే రకం పేరే లేదు, ‘పొడవు వంకాయ, హైబ్రిడ్’ అని మాత్రం ఉంది. గంజాం, గజపతి ఎర్రనేలల్లో ఇది చిన్న విషయం కాదు. ఒడిశా కోస్తా పొడవునా వంగకు, టమాటాకు బ్యాక్టీరియా ఎండుతెగులు పెద్ద శత్రువు. పొద్దున పచ్చగా నిలబడ్డ మొక్క మధ్యాహ్నానికి వాడి, రెండు మూడు రోజుల్లో ఆకు పసుపెక్కకుండానే చచ్చిపోతుంది. ఇదే తెగులో కాదో తేల్చడానికి ఇంట్లోనే పరీక్ష ఉంది. వాడిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, ముక్కను గాజు గ్లాసులో నీళ్ల పైభాగానికి తగిలేలా కదలకుండా పట్టుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో కోసిన చోట నుంచి పాలలాంటి సన్నటి దారం నీళ్లలోకి జారుతూ దిగితే ఆ తెగులే. దారం దిగకపోతే వేరు కుళ్లో, నీళ్ల తేడానో చూసుకోవాలి. తెగులున్న మట్టిని సంచిలోకి తెస్తే మందుతో అది పోదు. అందుకే వంగ, టమాటా, మిరప చచ్చిన మడి మట్టిని గ్రో బ్యాగులకు వాడకూడదు.

దీనికి మన దగ్గరే మందు ఉంది, అది గింజలో ఉంది. భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ సాంకేతిక విశ్వవిద్యాలయం ఈ తెగులును తట్టుకునే వంగ రకాలు ఉత్కళ్ తారిణి, ఉత్కళ్ మాధురి, ఉత్కళ్ అనుశ్రీ ఇచ్చింది. టమాటాలో ఉత్కళ్ కుమారి, ఉత్కళ్ పల్లవి, ఉత్కళ్ దీప్తి ఉన్నాయి. బెంగళూరు రకాల్లో అర్క కేశవ్, అర్క నిధి, అర్క నీలకంఠ్ కూడా ఈ తెగులును తట్టుకునేవే. బరంపురంలో కూర్చుని ఉత్కళ్ రకం ఒక్కటి కూడా పెట్టెలో పెట్టకుండా, పేరు లేని హైబ్రిడ్ ఇవ్వడం ఈ కిట్టులో అన్నిటికంటే పెద్ద లోటు. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి, రాయగడ జిల్లాలో గుణుపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగి చూడండి, గింజ లేకపోయినా ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. నయాగఢ్ కంటైముండి వంకాయ 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. ముళ్లుంటాయి, గింజ ఎక్కువ, కాల్చి పఖాళం అనే చద్దన్నంలోకి నంజుకోవడానికి దానికి సాటి లేదు. ఆ నారు దొరికితే ఒక సంచి దానికే కేటాయించండి.

పొట్లం మీద చూడాల్సినవి రకం పేరు, పరీక్ష తేదీ, మొలక శాతం. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు ఉంటుంది, పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు చెల్లుబాటు. ప్రమాణం ప్రకారం బెండకు కనీసం 65 శాతం, వంగకు, టమాటాకు 70, ఆనప, బీర, కాకరలకు 60 మొలక రావాలి. నమ్మకం లేకపోతే ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. బెండ వారంలో పదమూడు మొలవకపోతే ఆ పొట్లం తిరిగి ఇచ్చేయొచ్చు. ఈ కొట్టువాళ్లు బిల్లు ఉంటే మారుస్తారు, ఆ విషయంలో మంచివాళ్లే. గులాబీ రంగు పూసిన గింజలకు థైరం మందు పట్టించి ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వకండి, మిగిలినవి కూరలో వేయకండి.

వేసే తీరు క్లుప్తంగా చెబుతాను. బెండ గింజ రాత్రంతా, కాకర గింజ ఒక రోజంతా నానాలి. అంగుళానికి తక్కువ లోతులో పెట్టాలి. పెద్ద సంచికి ఆనప ఒక్కటే, బీర, కాకర అయితే రెండు. చిన్న సంచికి బెండ రెండు, వంగ ఒకటి. నలుగురున్న ఇంటికి ఎనిమిది బెండ మొక్కలు, అంటే నాలుగు చిన్న సంచులు కావాలి. అంతకు తక్కువైతే ఒక పూట కూరకు సరిపడా కాయలు ఒకేసారి దిగవు. నెల రోజులు దాటాక పదిహేను రోజులకోసారి సంచికి రెండు గుప్పిళ్ల వర్మీ కంపోస్టు, ఒక చెంచా వేపపిండి పైన వేసి మట్టిలో కలపాలి.

పండు ఈగ ట్రాపు చూడటానికి బాగుంది, అందులో పెట్టిన ఎర మాత్రం తప్పు. పొట్లం మీద మిథైల్ యూజినాల్ అని ఉంది. అది మామిడి పండు ఈగను లాగే ఎర. బీర, కాకర, దోసల్లో గుడ్లు పెట్టే ఈగ వేరు, దానికి క్యూ లూర్ అనే ఎర కావాలి. తప్పు ఎర పెడితే ట్రాపులో ఈగలు పడుతూనే ఉంటాయి, చూసి సంతోషిస్తాం, కాకర కాయలు మాత్రం లోపల పురుగు పట్టి పసుపెక్కి రాలుతుంటాయి. క్యూ లూర్ విడిగా తెచ్చుకుని అదే డబ్బాలో పెట్టుకోవచ్చు. పందిరి నీడలో వేలాడదీసి, తీగకు కొంచెం గ్రీజు రాయాలి, లేకపోతే చీమలు దిగి ఎర దాకా వెళ్తాయి. ఎరకు పడేవి మగ ఈగలే. ఆడ ఈగ నుంచి కాయను కాపాడాలంటే పిందె వేలెడు అయినప్పుడే కాగితం సంచో పాత గుడ్డ సంచో తొడగాలి. పుచ్చి రాలిన కాయలు అక్కడే వదలకండి, పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగగా లేస్తుంది. ఒక పాలిథిన్ కవరులో మూట కట్టి రెండు మూడు రోజులు ఎండలో పడేస్తే లోపలే చస్తుంది.

పెట్టెలో పెట్టిన కాగితం ఒడియాలో ఉంది, చదవడం రానివాళ్లకు కొట్టులోనే తెలుగులో చెబుతారు. అందులో కోత గురించి ఒక్క వాక్యం కూడా లేదు. వేసవి కూరల్లో సగం నష్టం కోత తెలియకపోవడం వల్లే.

బెండ విత్తిన 45, 50 రోజులకు మొదటి కాయ దిగుతుంది. అప్పటి నుంచి రోజు విడిచి రోజు కోయాల్సిందే. పువ్వు విప్పిన ఐదారు రోజులకు కాయ సరైన లేతదనంలో ఉంటుంది. కొన వంచితే టక్కున విరగాలి, వంగిపోతే ముదిరినట్టు. ఒక్క ముదురు కాయ చెట్టు మీద వదిలినా చెట్టు దాని గింజ మీదే పడి కొత్త పూత తగ్గిస్తుంది. బీర, ఆనప పువ్వులు సాయంత్రం విప్పుకుంటాయి, కాకర, దోస పువ్వులు పొద్దున. మూడో అంతస్తు డాబా మీదికి తేనెటీగలు తక్కువగా వస్తాయి కాబట్టి ఆనపకు సాయంత్రం ఆరు తరవాత మగ పువ్వు కోసి, రేకలు వెనక్కి తీసి, పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. మొదటి పది పదిహేను రోజులు మగ పువ్వులే వస్తే కంగారు పడకండి, అది ఆ తీగ స్వభావం. పరాగం అంటిన పన్నెండు, పదిహేను రోజులకు ఆనప కోతకొస్తుంది. తొక్క మీద నూగు ఇంకా ఉండి, గోరు సులువుగా దిగాలి. బీర ఆరేడు రోజులకే కోయాలి. వంకాయ నిగనిగలాడుతున్నప్పుడే కోయాలి, మెరుపు తగ్గితే గింజ గట్టిపడినట్టు. వంగ కొమ్మల చివర్లు తలవాల్చి కనిపిస్తే మొవ్వు తొలిచే పురుగు లోపల ఉంది. వాడిన చోటికి రెండు అంగుళాల కింద కత్తిరించి కాల్చేయాలి, కాయల్లోకి దిగక ముందే. ఏ కాయైనా లాగకండి, కత్తెరతో తొడిమ కోయండి. సంచిలో మొక్క వేరు పైపైనే ఉంటుంది, ఒక్క లాగుతో కదిలిపోతుంది.

లీటరు స్ప్రే సీసా, బొరిగ పనికొస్తాయి, అంతకంటే చెప్పేదేమీ లేదు. వేపనూనె కొట్టేవాళ్లు 1500 పీపీఎం రకమైతే లీటరుకు 5 మి.లీ. చొప్పున, కొంచెం సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం ఐదు దాటాకే కొట్టాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఆకు అడుగున ఎర్రనల్లి సన్నటి గూడు కడితే ముందు గట్టి నీటి ధారతో కడగండి, సగం అక్కడే పోతుంది.

కొనే వేళ కూడా ముఖ్యం. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో కొంటే మట్టి మాగడానికి పదిహేను రోజులు దొరుకుతాయి, మార్చి నెలాఖరుకు బెండ, ఏప్రిల్‌లో తీగ కూరలు దిగుతాయి. ఏప్రిల్‌లో తగ్గింపు ధరకు అమ్మే పెట్టెల్లో సంచులు, నెట్టు అవే సరుకు, నిక్షేపంగా తీసుకోవచ్చు. గింజల పొట్లాలు మాత్రం అప్పటికి మూడు నెలలు రేకుల షెడ్డు వేడిలో ఉండి ఉంటాయి. వాటిని కొట్టులోనే వదిలేసి ధరలో తగ్గించమని అడగండి, తగ్గిస్తారు. ఆ డబ్బుతో పావు కిలో బొబ్బర్లు, రెండు పొట్లాల తోటకూర గింజలు, ఒక క్యూ లూర్, నాలుగు డ్రిప్పర్లు వస్తాయి.